మియాపూర్ దగ్గర్లో అమ్మను కూర్చోబెట్టడానికి ప్రశాంతమైన చోటు ఉందా?

అందరికీ నమస్కారం. మేం మియాపూర్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. ఊర్లో వేపచెట్టు కింద మంచం వేసుకుని పొద్దు గడిపిన అమ్మకి ఇక్కడ బాల్కనీలో నిలబడితే ఎదురు బిల్డింగ్ గోడే కనిపిస్తోంది. మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. కాబట్టి మాకు కావాల్సింది వాకింగ్ ట్రాక్ కాదు, ఓ గంట కూర్చుని పిట్టల్ని చూసుకునే చోటు.

కేబీఆర్ పార్కు బాగుంటుంది, నెమళ్లు కూడా కనిపిస్తాయి. కానీ ఆ ట్రాఫిక్‌లో జూబ్లీహిల్స్ దాకా వెళ్లొచ్చేసరికి దక్కిన ప్రశాంతత కాస్తా ఆవిరైపోతుంది!

దగ్గర్లో ఉన్నది అమీన్‌పూర్ చెరువు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు, చలికాలంలో ఫ్లెమింగోలూ వస్తాయి. అక్కడికి తరచూ వెళ్లేవాళ్లు కాస్త చెప్పండి. కారు ఏ వైపు ఆపితే నీళ్ల దాకా నడక తక్కువ? బెంచీలు ఉన్నాయా, మడత కుర్చీ పట్టుకెళ్లాలా? ఎన్నింటికి వెళ్తే పక్షులు బాగా కనిపిస్తాయి? వాసన, దోమల సంగతి కూడా దాచకండి. అమ్మ ఒకసారి విసుక్కుందంటే మళ్లీ కదలదు.

ఇటువైపే ఇంకేదైనా చెరువుగట్టు, పాత తోట తెలిసినా చెప్పండి, చిన్నదైనా పర్లేదు.