రాయదొరువు వద్ద పులికాట్ ముఖద్వారం తవ్వకానికి పూర్తి పర్యావరణ అధ్యయనం కావాలా, వద్దా?

సూళ్లూరుపేట వాసి (చర్చ ప్రారంభం)

మా పెద్దలు ప్రళయ కావేరి అని పిలిచిన పులికాట్, చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. అందులో ఎక్కువ భాగం మన తిరుపతి జిల్లాలోనూ, మిగిలినది తమిళనాడులోనూ ఉంది. సముద్రానికీ సరస్సుకూ మధ్య శ్రీహరికోట దీవి అడ్డుగా ఉన్నందువల్ల, దక్షిణాన పళవేర్కాడు దగ్గరా, ఉత్తరాన వాకాడు మండలంలోని రాయదొరువు, కొండూరుపాలెం దగ్గరా ఉన్న ముఖద్వారాల గుండానే నీటి రాకపోకలు జరగాలి. ఉత్తరపు ముఖద్వారాలు ఇసుక మేటలతో పూడిపోతున్నాయనీ, కేంద్రపు రేవుల పథకమైన సాగరమాల నిధులతో తవ్వించాలనీ ఏళ్లుగా వింటున్నాం. తవ్వాలన్న విషయంలో నాకు తెలిసి ఎవరికీ అభ్యంతరం లేదు. అనుమతుల మాట వచ్చేసరికే ఊరు రెండుగా చీలుతోంది. పూర్తి అధ్యయనం జరిగాకే డ్రెడ్జరు (నీటి అడుగున ఇసుక తోడే యంత్రం) దింపాలని కొందరు, అంతవరకు ఆగితే సరస్సు మిగలదని మరికొందరు అంటున్నారు. తెలిసినవారు తమ అభిప్రాయాన్ని కారణాలతో సహా రాయవలసిందిగా కోరుతున్నాను.

వాకాడు మత్స్యకారుడు

నేను రెండో పక్షం. టైగరు రొయ్య, తెల్ల రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. వాటి పిల్ల పోటు నీటితో పాటు ముఖద్వారం గుండా సరస్సులోకి వచ్చి, ఇక్కడి లోతులేని నీటిలో మేసి, పెరిగాక మళ్లీ సముద్రానికి పోతుంది. ఆ దారి మూసుకుపోతే సరస్సులో ఎన్ని వలలు వేసి ఏం లాభం? వేసవి వచ్చేసరికి మా వైపు నీరు ఇగిరి, మిగిలినది సముద్రం కంటే ఉప్పగా మారుతుంది. వలలు మడిచి అటక మీద పెట్టి, మా పిల్లలు చెన్నైకి కూలికి పోతున్నారు.

మేము అడుగుతున్నది కొత్త రేవు కాదు, కొత్త కాలువ కాదు. ఉన్న ద్వారంలో పేరుకున్న ఇసుక తీయమంటున్నాం, అంతే. రేవుల్లో ఏటా జరిగే పూడికతీతకు మళ్లీ మళ్లీ పర్యావరణ అనుమతి అక్కరలేదని విన్నాను. రేవుకు వర్తించే సౌకర్యం మా ముఖద్వారానికి ఎందుకు వర్తించదు? ఫ్లెమింగోల కోసం పండుగ చేసే ప్రభుత్వం మనుషుల కోసం ఇసుక తీయడానికి ఇన్ని కాగితాలు అడగడం మాకు బాధ కలిగిస్తోంది.

విశ్రాంత ఇంజనీరు

వాకాడు మిత్రుల బాధ న్యాయమైనది. అయినా వారు చెప్పిన మినహాయింపు ఇక్కడ వర్తించదనీ, వర్తింపజేయాలని పట్టుబడితే చివరకు నష్టపోయేది వారేననీ నా అభిప్రాయం. కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టగలరు.

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో రేవులు, అలల అడ్డుగోడలు, డ్రెడ్జింగ్ అన్నీ ఒకే పద్దు కింద ఉన్నాయి. కొత్తగా లోతు చేసే తవ్వకం ఆ పద్దులోకి వస్తుంది. నిర్వహణ కోసం చేసే పూడికతీతకు మినహాయింపు ఉన్న మాట నిజమే కానీ, దానికి ఒక షరతు ఉంది. ఆ పూడికతీత తొలి ప్రతిపాదనలోనే భాగమై, దానికి పర్యావరణ నిర్వహణ ప్రణాళిక తయారై, అనుమతి వచ్చి ఉండాలి. ప్రకృతి తెరిచిన ముఖద్వారానికి తొలి ప్రతిపాదన అనేది ఎక్కడుంటుంది? 2011 నాటి తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ కూడా జలమార్గాలను శుభ్రం చేయడాన్ని నిషేధం నుంచి తప్పించింది గానీ, ప్రభావ అంచనా అధ్యయనాల ఆధారంగా చేయాలన్న షరతును మాత్రం వదలలేదు.

అందరూ భయపడే మూడో చట్టం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. మన వైపు పులికాట్ 1976 నుంచి పక్షుల అభయారణ్యం. ఆ చట్టంలోని 29వ సెక్షన్, అభయారణ్యంలోకి వచ్చే నీటిని గానీ బయటికి పోయే నీటిని గానీ మళ్లించడం, ఆపడం మాత్రమే కాదు, పెంచడాన్ని కూడా అనుమతి లేకుండా చేయకూడదంటుంది. ముఖద్వారం తవ్వడమంటే నీటి రాకపోకలను పెంచడమే కనుక ఈ సెక్షన్‌ను తప్పించుకునే దారి లేదు. అయితే అదే సెక్షన్, ఆ మార్పు వన్యప్రాణుల మేలుకూ మెరుగైన నిర్వహణకూ అవసరమని వన్యప్రాణి మండలిని సంప్రదించి ప్రభుత్వం నమ్మితే అనుమతి ఇవ్వవచ్చని కూడా చెబుతోంది. మనం పట్టుకోవలసింది ఈ మాటను. పడవల రాకపోకల పనిగానో రేవు పనిగానో రాసిన ప్రతిపాదన ఈ సెక్షన్ ముందు నిలబడదు. సరస్సును బతికించే పనిగా, కొలతలతో, ఆధారాలతో రాసినది నిలబడుతుంది. అందువల్ల అధ్యయనం ఈ పనికి అడ్డంకి కాదని, అనుమతి తెచ్చిపెట్టే సాక్ష్యం అదేనని నేను నమ్ముతున్నాను.

ఇక ఇసుక సంగతి. మన తీరంలో అలలు ఏడాది పొడవునా ఇసుకను ఒడ్డు వెంట నడిపిస్తూనే ఉంటాయి. నైరుతి రుతుపవనాల కాలంలో అది ఉత్తరానికీ, ఈశాన్య రుతుపవనాల కాలంలో దక్షిణానికీ నడుస్తుంది. లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదుల వరద సరస్సును నింపి బయటికి తోసుకుపోతున్నంత కాలం ముఖద్వారం తెరుచుకుని ఉంటుంది. ఆ తోపు తగ్గాక మిగిలేది పోటు పాటుల బలమే. ఈ తీరంలో పోటుకూ పాటుకూ తేడా ఒక మీటరు అటూ ఇటూ మాత్రమే, సరస్సు సగటు లోతూ అంతే. లోపలికి వచ్చి పోయే నీరు కొద్దిగా ఉంటే, అలలు తెచ్చి పోసే ఇసుకను అది కడిగివేయలేదు. కాబట్టి మనం ఎంత లోతు తవ్వామన్నది ఎంత ముఖ్యమో, తవ్విన లోతు ఎన్ని నెలలు నిలుస్తుందన్నది అంతకంటే ముఖ్యం. ఆ జవాబు లేకుండా డ్రెడ్జరు దింపితే బిల్లులు చెల్లించేలోపే ద్వారం మళ్లీ పూడుతుంది.

రాతి గోడలు కడితే నిలుస్తుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. పళవేర్కాడు ముఖద్వారం దగ్గర తమిళనాడు ప్రభుత్వం ఆ పనే చేపట్టింది. గోడ కడితే దక్షిణపు ఒడ్డున ఇసుక ఆగి పెరుగుతుంది, ఉత్తరపు ఒడ్డు ఇసుక అందక కోతకు గురవుతుంది. చెన్నై రేవు గోడలు కట్టాక ఒక పక్క మెరీనా తీరం వెడల్పయింది, మరో పక్క రాయపురం, తిరువొత్తియూరుల వైపు సముద్రం ఇళ్ల మీదికి వచ్చింది. రాయదొరువుకు ఉత్తరాన కూడా మత్స్యకారుల ఊళ్లున్నాయి. వాటికి ఏమవుతుందో ముందుగా లెక్కగట్టకుండా గోడలకు మద్దతు ఇవ్వడం నా వల్ల కాదు.

నేలపట్టు పక్షి పరిశీలకురాలు

పక్షుల పేరుతో మత్స్యకారులను నిలువరించాలని మాలో ఎవరికీ లేదని ముందుగా చెప్పదలచాను. నేలపట్టు చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు పిల్లలకు మేత తెచ్చేది పులికాట్ నుంచే. చేప లేని సరస్సు మీకెంత నష్టమో వాటికీ అంతే. ఫ్లెమింగోల సంగతి మాత్రం వేరు. అవి మోకాలి లోతు నీటిలో నిలబడి, బురద వడకట్టుకుని తింటాయి. కాలువ గట్టు పొడవునా తవ్విన మట్టి పోసినా, చలికాలంలో నీటిమట్టం జానెడు పెరిగినా, అవి మేసే బురద నేలలు వాటికి అందకుండా పోవచ్చు. అందుకే రెండు విషయాలను అనుమతి పత్రంలో షరతులుగా రాయించాలని కోరుతున్నాం. వలస పక్షులు ఉండే నెలల్లో సరస్సు లోపలి తవ్వకం ఆపాలి, మట్టి ఎక్కడ పోస్తారో పటంలో ముందే చూపాలి.

వాకాడు మత్స్యకారుడు

ఇంజనీరు గారికి నమస్కారం. 29వ సెక్షన్‌లో మాకు అనుకూలమైన మాట ఉందని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. అయినా నా సందేహం తీరలేదు. అధ్యయనం అంటే ఎన్నేళ్లు? మా నాన్న కాలం నుంచి సర్వేలు చేసేవాళ్లు వచ్చి పోతూనే ఉన్నారు. ఒకాయన వేసవిలో వచ్చి నీళ్లు సీసాల్లో పట్టుకుపోయారు. వానాకాలంలో ఎవరూ రాలేదు. ఆ కాగితాల్లో ఏం రాశారో మాకు తెలియదు, రాసింది తెలుగులో కాదు. చిలికాలో తవ్వితే బాగుపడిందంటారు. అక్కడ ఇన్ని మాటలు లేకుండానే తవ్వారా?

విశ్రాంత ఇంజనీరు

మీరు యథాలాపంగా రాసిన ఒక మాట ఈ చర్చ మొత్తానికీ కీలకమని నాకు తోస్తోంది. వేసవిలో వచ్చారు, వానాకాలంలో రాలేదు అన్నారు. ప్రభావ అంచనా నివేదికలకు వానాకాలం మినహా ఏదో ఒక కాలపు నీటి, నేల, జీవజాలపు వివరాలు సేకరిస్తే చాలన్న పద్ధతి స్థిరపడిపోయింది. ఫ్యాక్టరీకి అది సరిపోతుందేమో. నవంబరులో దాదాపు మంచినీరుగా ఉండి, మే నెలలో సముద్రాన్ని మించి ఉప్పెక్కే సరస్సుకు ఒక్క కాలపు లెక్క దేనికి పనికివస్తుంది? వేసవిలో కొలిస్తే తవ్వకం తప్పనిసరి అనిపిస్తుంది, వానాకాలంలో కొలిస్తే అసలు అవసరమే లేదనిపిస్తుంది. ముఖద్వారం మూసుకునేదీ తెరుచుకునేదీ ఆ రెండు కాలాల మధ్యనే. కనుక పన్నెండు నెలల కొలతలు తప్పనిసరి అని నేను వాదిస్తాను, పన్నెండు నెలలు దాటనివ్వకూడదని కూడా అంతే గట్టిగా వాదిస్తాను. అధ్యయనానికి గడువు పెట్టమని అడగడం మీ హక్కు.

చిలికాలో మాటలు లేకుండా తవ్వలేదు. ఒడిశా ప్రభుత్వం 1991లో చిలికా అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేసింది. చిత్తడి నేలల రక్షణకు దేశాలు చేసుకున్న రామ్‌సర్ ఒప్పందం కింద, దెబ్బతిన్న చిత్తడి నేలల పట్టికలోకి సరస్సు 1993లో చేరింది. పుణెలోని కేంద్ర జల విద్యుత్ పరిశోధన కేంద్రం నీటి ప్రవాహపు నమూనాలు కట్టి, పాత ద్వారాన్ని తవ్వడం కంటే సరస్సుకు దగ్గరగా కొత్త ద్వారం తెరవడం మేలని తేల్చాకే, 2000 సెప్టెంబరులో ఇసుక దిబ్బను కోశారు. సముద్రానికి పోయే దారి సుమారు 18 కిలోమీటర్లు తగ్గింది. చేపలు, రొయ్యలు, పీతలు తిరిగి వచ్చాయి, 2002లో చిలికాను ఆ పట్టిక నుంచి తొలగించారు. పాత ద్వారం దగ్గరే ఇసుక తోడుతూ కూర్చుని ఉంటే ఆ ఫలితం వచ్చేది కాదు. రాయదొరువులోనూ తవ్వవలసిన చోటు మనం అనుకుంటున్నదే కాకపోవచ్చు.

తడ ఉపాధ్యాయుడు

అందరూ ముఖద్వారం దగ్గరే ఆగిపోయారు. సరస్సు లోపల ఏముందో కూడా చూడాలి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రహదారి సరస్సును అడ్డంగా కోసుకుంటూ పోతుంది. దానికి ఉత్తరాన ఉన్న భాగానికీ దక్షిణాన ఉన్న భాగానికీ మధ్య నీరు కదిలేది తూముల గుండానే. రాయదొరువు దగ్గర ఎంత తవ్వినా, ఆ పోటు నీరు రహదారి దాటి ఇరకం దీవి వైపు రావాలంటే తూముల దగ్గర పూడిక కూడా తీయాలి, అవసరమైతే తూములు పెంచాలి. ముఖద్వారానికి ఒక అనుమతి, లోపలి కాలువకు మరొకటి, తూములకు ఇంకొకటి అని ముక్కలుగా అడిగితే ఏ ఒక్క కాగితంలోనూ సరస్సు మొత్తం కనిపించదు. వేటకు నీళ్లు చాలక మన వాళ్లు దక్షిణానికి, అక్కడి వాళ్లు ఇటు రావడం వల్ల సరిహద్దు దగ్గర ఎన్నోసార్లు వలల తగాదాలు జరిగాయి. పళవేర్కాడు గోడల ప్రభావాన్ని కూడా ఇదే అధ్యయనంలో కలిపి చూడకపోతే ఆ తగాదాలు పెరుగుతాయే గాని తగ్గవు.

మరొక మాట. ప్రజాభిప్రాయ సేకరణకు ముప్పై రోజుల ముందు నోటీసు ఇస్తారు, సారాంశాన్ని మాత్రం స్థానిక భాషలో ఇస్తారు. తవ్వే లోతు, పోసే చోటు, నిలిచే కాలం గురించిన అధ్యాయాలన్నీ పూర్తిగా తెలుగులో కావాలని మన పంచాయతీలు ఇప్పుడే తీర్మానం చేసి పంపాలి. చేతులతో రొయ్యలు పట్టుకుని బతికే యానాది కుటుంబాలు ఆ సభకు రావాలంటే, వేటకు పోని రోజు చూసి, రేవు దగ్గరే సభ పెట్టాలి.

వాకాడు మత్స్యకారుడు

పన్నెండు నెలలు, ఒక్క నెల కూడా ఎక్కువ కాకుండా అంటే నేను ఒప్పుకుంటాను. ఈలోగా ద్వారం పూర్తిగా మూసుకుపోతే మనుషులు పారలతో దారి తీసుకోవడానికి అటవీ శాఖ తాత్కాలిక అనుమతి ఇవ్వాలన్నది మాత్రం వదులుకోలేను. యంత్రం అడగడం లేదు.

కొలతల సంగతి అన్నారు కనుక చెబుతున్నాను. ద్వారం ఏ సంవత్సరం ఏ నెలలో మూసుకుందో, ఏ తుపాను తర్వాత తెరుచుకుందో మా ఊరి పెద్దవాళ్లకు గుర్తుంది. పెళ్లిళ్లనూ పుట్టుకలనూ గుర్తు పెట్టుకున్నట్టే దాన్నీ గుర్తు పెట్టుకున్నారు. ఈ ఆదివారం నుంచి ఇల్లిల్లూ తిరిగి ఒక నోటు పుస్తకంలో రాయిస్తాను. అధ్యయనం చేసేవారు దాన్ని లెక్కలోకి తీసుకుంటారా, ఎలా రాస్తే తీసుకుంటారు, ఇంజనీరు గారు చెప్పాలి.

విశ్రాంత ఇంజనీరు

తప్పకుండా తీసుకోవాలి, తీసుకోకపోతే సభలో అడగాలి. ప్రతి వివరం పక్కన మూడు సంగతులు రాయండి: చెప్పినవారి వయసు, మూసుకున్నప్పుడు ఇసుక ఏ పక్క నుంచి వచ్చిందో, అప్పుడు పడవ ఎంత లోతు నీటిలో ఆగిపోయిందో. రెండోది అన్నిటికంటే ముఖ్యం, దాన్ని ఏ ఉపగ్రహ చిత్రం కూడా అంత సులువుగా చెప్పలేదు. నోటు పుస్తకం పూర్తయ్యాక నేనే వాకాడు వచ్చి, పటం మీద గుర్తులు పెట్టడంలో సాయం చేస్తాను.