పెళ్లి హెచ్‌డీ వీడియోని డీవీడీ చేస్తే తలంబ్రాల దగ్గర గళ్లు గళ్లుగా వస్తోంది

కాకినాడ కుర్రాడు:
చెల్లి పెళ్లి వీడియో ఫుల్ హెచ్‌డీ, 1080పీ, సెకనుకు 50 ఫ్రేములు. నిడివి 2 గంటల 50 నిమిషాలు. అమ్మమ్మ ఇంట్లో ఉన్నది పాత డబ్బా టీవీ, డీవీడీ ప్లేయర్. ప్లేయర్‌కి యూఎస్‌బీ ఉంది గానీ ఈ ఎంపీ4 ఫైల్ చదవట్లేదు. అందుకే డిస్కులో పట్టేలా సాఫ్ట్‌వేర్‌కే వదిలేసి ఒక డీవీడీ చేశాను. ముహూర్తం దాకా పర్వాలేదు, తలంబ్రాలు మొదలవగానే బొమ్మంతా గళ్లు. పట్టుచీరల జరీ అంచులు వణుకుతున్నాయి. పైగా అందరూ సన్నగా, పొడుగ్గా ఉన్నారు. మా బాబాయి ఇంత నాజూగ్గా ఎప్పుడూ లేడు. ఏం మార్చాలి?

పాత క్యాసెట్లు:
మూడూ వేరువేరు జబ్బులు తమ్ముడూ.

గళ్ల సంగతి ముందు. మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ, అంటే 37,600 మెగాబిట్లు. నీ వీడియో 10,200 సెకన్లు. భాగిస్తే సెకనుకు 3.7 మెగాబిట్లు, అందులోనే ఆడియో కూడా. డీవీడీలో వాడేది ఎంపెగ్-2, పాతకాలపు కంప్రెషన్. పంతులుగారు కూర్చుని మంత్రాలు చదువుతుంటే ఆ రేటు సరిపోతుంది. తలంబ్రాల్లో ఒక్కో బియ్యపు గింజ ఒక్కో దారిన పోతుంది, పైనుంచి ఫ్లాషులు. వెనకటి ఫ్రేముతో పోల్చి పొదుపు చేసే వీలే ఉండదు. బిట్లు చాలక గళ్లు పడతాయి.

రెండు డిస్కులు చెయ్యి, ఒక్కోటి 85 నిమిషాలు. టూ-పాస్ వీబీఆర్ (అవసరాన్ని బట్టి బిట్ల రేటు మారే పద్ధతి), సగటు సెకనుకు 6.5 మెగాబిట్లు, గరిష్ఠం 8. మొదటి పాస్‌లో కష్టమైన చోట్లు గుర్తుపెట్టుకుని, రెండో పాస్‌లో బిట్లు అక్కడికి మళ్లిస్తుంది. ప్రమాణం ప్రకారం వీడియోకి 9.8 దాకా వెళ్లొచ్చు గానీ, ఇంట్లో రాసిన డిస్కు మీద అంత పెడితే పాత ప్లేయర్లు తడబడతాయి. ఆడియో డాల్బీ డిజిటల్, 224 కిలోబిట్లు, 48 కిలోహెర్ట్జ్.

ఇక జరీ. డబ్బా టీవీ బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి చూపిస్తుంది. ఒక్క గీత మందమున్న జరీ సెకనుకు 25 సార్లే వెలుగుతుంది, అదే వణుకు. 50 ఫ్రేముల్నీ ముందు 720×576కి కుదించు, ఆ తర్వాతే రెండేసి ఫ్రేముల్ని కలిపి ఇంటర్లేస్ చెయ్యి, అంటే ఒకదాని బేసి గీతలు, మరోదాని సరి గీతలు కలిపి ఒక ఫ్రేము. ఈ వరస తిరగేస్తే అన్నీ పాడే. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత వీడియో సాఫ్ట్‌వేర్‌లో ఇందుకు ఇంటర్లేస్ ఫిల్టర్ ఉంది, దానిలోని లో-పాస్ (సన్నటి గీతల్ని మెత్తబరిచేది) ఆన్‌లో ఉంచు. బొమ్మ ఒక పిసరు మెత్తబడుతుంది, వణుకు తగ్గుతుంది. షార్ప్‌నెస్ పెంచి ఉంటే తీసెయ్.

బాబాయిగారికి వైద్యం సులువు. ఫైల్లో 16:9 అని గుర్తు పెట్టు, ప్లేయర్ సెటప్‌లో టీవీ టైప్ 4:3 లెటర్‌బాక్స్ చెయ్యి. పైనా కిందా నల్లపట్టీ వస్తుంది, అది తప్పు కాదు.

గుంటూరు ఘాటు:
రెండు డిస్కులెందుకండీ, 8.5 జీబీ డ్యూయల్ లేయర్ వాడితే పోలా?

పాత క్యాసెట్లు:
లెక్కకి బాగుంటుందండి. పాత ప్లేయర్‌లో పొర మారేచోట బొమ్మ ఆగిపోవడం నేను చూశాను. పెద్దావిడ లేచి వెళ్లి ప్లేయర్ని తట్టాలా? నా మటుకు రెండు మామూలు డిస్కులే, 4ఎక్స్ లేదా 8ఎక్స్ వేగంలో రాసినవి.

కాకినాడ కుర్రాడు:
మరదలు ఫోన్లో తీసిన సంగీత్ క్లిప్పులు సెకనుకు 30 ఫ్రేములు. వాటినీ కలపొచ్చా అన్నా?

పాత క్యాసెట్లు:
పెళ్లి డిస్కు మన టీవీల పాల్ పద్ధతి, సెకనుకు 25 ఫ్రేములు. వీటిని ఆ 25లోకి దించితే ఫ్రేములు రాలిపోయి డ్యాన్సు కుదుపులుగా ఉంటుంది. వాటికి వేరే డిస్కు, అమెరికా తరహా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, 720×480. మన దగ్గర అమ్మిన ప్లేయర్లు సాధారణంగా రెండూ ఆడతాయి. ఫోన్ వీడియోలో ఫ్రేము రేటు నిలకడగా ఉండదు, ముందు దాన్ని 29.97కి స్థిరపరచు. లేకపోతే పాట ఒకచోట, స్టెప్పు ఇంకోచోట.

కాకినాడ కుర్రాడు:
చేశానన్నా. గళ్లు పోయాయి, జరీ చాలావరకు కుదుటపడింది. కానీ ఎవరు నడిచినా ముందుకీ వెనక్కీ ఊగుతున్నట్టుంది.

పాత క్యాసెట్లు:
ఫీల్డ్ ఆర్డర్ తారుమారైంది, అంటే బేసి గీతల జట్టు (పై ఫీల్డ్), సరి గీతల జట్టు (కింద ఫీల్డ్) వచ్చే వరస. ఇంటర్లేస్ చేసినప్పుడు పై ఫీల్డ్ ముందు పెట్టి, ఎంపెగ్-2గా మార్చే ఎన్‌కోడర్‌కి కింద ఫీల్డ్ ముందని చెప్పుంటావు. రెండుచోట్లా పై ఫీల్డే పెట్టు. ముందు రెండు నిమిషాల ముక్క రీరైటబుల్ డిస్కు మీద రాసి, ఆ టీవీలోనే చూడు. కంప్యూటర్లో చూస్తే ఈ తప్పు చాలాసార్లు తెలియదు.

కాకినాడ కుర్రాడు:
అదేనన్నా, ఇప్పుడు బాగా నడుస్తోంది. డిస్కు మీద పెళ్లి ఫోటో స్టిక్కర్ అంటిద్దామనుకుంటున్నా.

పాత క్యాసెట్లు:
వద్దు. బరువు ఒక పక్కకి లాగితే డిస్కు ఊగుతుంది, వేడికి అంచు లేస్తే ప్లేయర్లో ఇరుక్కుంటుంది. డిస్కు మార్కర్‌తో పేరు రాసి, ఫోటో డబ్బా అట్ట మీద పెట్టు.