40 డాలర్లలో ఇద్దరు పిల్లలతో హాలోవీన్ ఎలా చేయాలి?

కొత్తగూడు

అందరికీ నమస్కారం. మేం అమెరికా వచ్చి రెండేళ్లయింది. పోయిన నెల మా ఆయన ఉద్యోగం పోయింది, నాకు ఇక్కడ పనిచేసే వీలు లేదు, దాచుకున్న డబ్బుతోనే అద్దె, కరెంటు, సరుకులు నెట్టుకొస్తున్నాం. ఈ నెలాఖరున హాలోవీన్, అదే, పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ వెళ్లి క్యాండీ అడిగే పండగ. బాబుకి ఎనిమిదేళ్లు, పాపకి నాలుగు. క్లాసులో ఎవరెవరు ఏ వేషం వేస్తున్నారో వాళ్లు అప్పుడే చెప్పేసుకుంటున్నారట, స్కూలు నుంచి రాగానే ఇంట్లో అదే కబురు.

మొన్న షాపులో మమ్మీ వేషం ఒకటి చూసి వాడు దాని దగ్గరే నిలబడిపోయాడు. అదే, ఒళ్లంతా గుడ్డ పీలికలు చుట్టుకునే ఈజిప్టు మమ్మీ. 38 డాలర్లు. బట్ట చూస్తే దోమతెర కన్నా పల్చగా ఉంది. నేను రేటు చీటీ తిప్పి చూస్తున్నాను, ఇంకా ఏమీ అనలేదు, వాడే "నాకంత నచ్చలేదులే అమ్మా" అని తీసుకెళ్లి మళ్లీ హ్యాంగర్‌కి తగిలించేశాడు. అప్పటి నుంచీ నా మనసు మనసులో లేదు.

ఇద్దరి వేషాలు, ఒక గుమ్మడికాయ, క్యాండీ అన్నీ కలిపి 40 డాలర్లు దాటకూడదు. మాది అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు, పోయినేడు మా తలుపు తట్టింది ఇద్దరే పిల్లలు. మరి క్యాండీ కొనాలా? ఇంట్లో చేసిన వేషం వేసుకెళ్తే స్కూల్లో పిల్లలు ఏమైనా అంటారేమోనని ఇంకో టెన్షన్. ఇలా నెట్టుకొచ్చినవాళ్లు ఉంటే చెప్పండి.

మిషనుకుట్టు

చెల్లీ, మమ్మీ వేషం అంటున్నావు కాబట్టి నీ సగం సమస్య తీరినట్టే, అది కొనాల్సిన వేషం కానే కాదు. పాత తెల్ల దుప్పటి గానీ మీ ఆయన పాత పంచె గానీ ఉందేమో చూడు. రెండంగుళాలకొకటి కత్తెరతో చిన్న గాటు పెట్టి, అక్కడి నుంచి చేత్తో బర్రున చింపెయ్. కత్తిరించొద్దు. చింపితేనే అంచుల్లో దారాలు వేలాడతాయి, పాతకాలపు గుడ్డలా కనిపించేది ఆ దారాల వల్లే. పెద్ద గిన్నెలో నీళ్లు మరిగించి ఐదారు టీ బ్యాగులు పడేసి, డికాషన్ చిక్కగా దిగాక పీలికలు అందులో అరగంట నాననివ్వు. తీశాక గట్టిగా పిండి చదునుగా పరవకు, ఉండలు ఉండలుగానే వదిలేసి ఆరబెట్టు, అప్పుడు రంగు ఒకచోట ముదురుగా ఒకచోట లేతగా మచ్చలు పడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. పీలికలు పిల్లాడి ఒంటికి చుట్టొద్దు. మా వాడికి మొదటిసారి నేను అలాగే చుట్టాను, రెండో వీధి తిరిగేసరికి మోకాళ్ల దగ్గర ఊడిపోయి కాలికి తట్టుకుని పడ్డాడు, మధ్యలో బాత్రూమ్ అంటే మొత్తం విప్పాల్సి వచ్చింది, మళ్లీ చుట్టేంత ఓపిక వాడికీ లేదు నాకూ లేదు. వాడి తెల్ల ఫుల్‌హ్యాండ్స్ టీషర్టు ఒకటి, లేత రంగు పైజమా ఒకటి తీసుకో. పీలికల్ని వాటి మీద అడ్డదిడ్డంగా పరిచి, జానెడు దూరానికొకటి చొప్పున సూదితో కుట్లు వెయ్. మిషను అక్కర్లేదు. చొక్కా వేరుగా, ప్యాంటు వేరుగా ఉంటాయి, వాడంతట వాడే వేసుకుంటాడు, విప్పుకుంటాడు. కొత్తగా కొనాల్సి వస్తే సెకండ్ హ్యాండ్ షాపులో ఒక సైజు పెద్దవి చూడు, లోపల చలికి వేసుకునే థర్మల్స్ పట్టాలి. చలికి పైన కోటు వేశామంటే ఎంత మంచి వేషమైనా కనిపించదు, ఆ రోజు సాయంత్రం పిల్లలు ఏడ్చేది ఎక్కువగా దీనికే.

పాపకి పిల్లి వేషం సరిపోతుంది. నల్ల లెగ్గింగ్స్, నల్ల చొక్కా, పాత సాక్సులో దూది కూరి తోక, అట్టముక్కతో చెవులు చేసి హెయిర్‌బ్యాండుకి అతికించు. మీసాలు నీ కాటుకతోనే దిద్దేయ్.

పెరటిదీపం

మిషనుకుట్టు గారు చెప్పినవన్నీ చేయండి, కాటుక ఒక్కటి మాత్రం వద్దండీ. మన దగ్గర నుంచి తెచ్చుకునే కొన్ని కాటుకల్లో, సుర్మాల్లో సీసం ఉంటోందని ఇక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఏళ్లుగా హెచ్చరిస్తోంది. నాలుగేళ్ల పిల్ల బుగ్గలు రుద్దుకుంటుంది, అదే చేత్తో క్యాండీ తింటుంది. ఐలైనర్ పెన్సిల్ చాలు. అది కూడా ముందురోజు మోచేతి దగ్గర కొంచెం రాసి, దద్దుర్లు రాలేదని చూసుకుని వాడండి.

ఇంకో మాట, మమ్మీ పీలికలు ఎక్కడా వేలాడకుండా కుట్టండి. కొందరి గడప ముందు ముఖంలా చెక్కిన గుమ్మడికాయల్లో నిజం కొవ్వొత్తులు వెలుగుతుంటాయి, నూలుగుడ్డ ఇట్టే అంటుకుంటుంది. చీకట్లో కార్లకి కనిపించేలా వీపు మీద రిఫ్లెక్టివ్ టేపు ముక్క అతికించండి. ముఖానికి మాస్కు వద్దు, పక్క నుంచి వచ్చే బండి కనిపించదు.

క్యాండీ సంగతి: ఇవ్వాలని రూలేమీ లేదండీ. వాకిట్లో లైటు వెలుగుతుంటే రావచ్చని, ఆర్పేసి ఉంటే రావద్దని అర్థం, అది అందరికీ తెలిసిన పద్ధతే, ఎవరూ తప్పు పట్టరు. పోయినేడు ఇద్దరే వచ్చారంటున్నారు కాబట్టి ఒక్క చిన్న ప్యాకెట్ చాలు. చాక్లెట్ల జోలికి పోకండి. 2024 చివర్లో కోకో టన్ను 12,000 డాలర్లు దాటింది, ఆ దెబ్బ చాక్లెట్ ప్యాకెట్ల మీద బాగా పడింది. లాలీపాప్‌లు, గట్టి పిప్పరమెంట్లు తీసుకుంటే అదే డబ్బుకి ఎక్కువ వస్తాయి. ప్యాకెట్ ధర కాదు, లోపల ఎన్ని ఉన్నాయో చూసి లెక్కేసుకోండి. మీరు శాకాహారులైతే మెత్తటి గమ్మీల ప్యాకెట్ వెనక జెలటిన్ (జంతువుల నుంచి తీసేది) ఉందేమో చదవాలి, చాలావాటిలో ఉంటుంది.

తిండి కాకుండా స్టిక్కర్లు, పెన్సిళ్లు ఇచ్చినా పిల్లలు సంతోషిస్తారు. టీల్ రంగు (నీలం, ఆకుపచ్చ కలిసినట్టుండే రంగు) గుమ్మడికాయ ఎవరి గుమ్మం ముందైనా కనిపిస్తే అక్కడ అలాంటివే ఇస్తారని గుర్తు. ఫుడ్ అలర్జీలున్న పిల్లల కోసం 2012లో టెనసీ రాష్ట్రంలో మొదలుపెట్టారు, 2014 నుంచి దేశమంతా పాకింది. మీరూ ఒక కాగితానికి ఆ రంగు వేసి తలుపుకి అంటించవచ్చు.

మీ అపార్ట్‌మెంట్లో మెట్లెక్కి దిగడం కన్నా దగ్గర్లో ఇళ్ల వరసలుండే కాలనీకి తీసుకెళ్లండి. చర్చిలూ స్కూళ్లూ పార్కింగ్ స్థలంలో కార్ల డిక్కీలు అలంకరించి క్యాండీ పంచుతాయి, ట్రంక్ ఆర్ ట్రీట్ అంటారు. చాలాచోట్ల డబ్బులేమీ తీసుకోరు, నాలుగేళ్ల పాపకి అదే తేలిక.

రెండోషిఫ్టు

పైసా పైసా లెక్కేసుకునే రోజుల్లో మనది కాని పండగ కోసం ఇంత అవస్థ ఎందుకండీ? నేనైతే బాబుని కూర్చోబెట్టి నచ్చజెబుతాను. ఎనిమిదేళ్లంటే అర్థం చేసుకునే వయసే. దీపావళికి నాలుగు ప్రమిదలు వెలిగిస్తే మీకూ తృప్తిగా ఉంటుంది. తప్పుగా అనుకోవద్దు, నేనూ ఆరు నెలలు ఉద్యోగం లేకుండా ఉన్నవాణ్ణే.

మిషనుకుట్టు

తమ్ముడూ, ఆ పిల్లాడికి ఇంకా ఏం నచ్చజెబుతాం? వాడే వాళ్లమ్మకి నచ్చజెప్పి వేషం హ్యాంగర్‌కి తగిలించి వచ్చాడు. నన్ను బాధపెట్టింది అదే. ఇంట్లో డబ్బు లేదని వాడికి తెలుసు, కానీ ఎంత లేదో తెలియదు, అందుకే ఏదడిగినా తప్పేమోనని నోరు మూసుకుంటున్నాడు. చెల్లీ, వాడికి ఆ 40 అంకె చెప్పు. "మన దగ్గర ఇంత ఉంది, ఇద్దరం కలిసి ఖర్చుపెడదాం" అని కాగితం మీద రాసి చూపించు. టీ నీళ్లలో పీలికలు వాణ్ణే ముంచనివ్వు. స్కూల్లో ఎవరైనా అడిగితే "నేనే చేసుకున్నా" అని చెప్పుకుంటాడు, ఆ మాట ముందు కొన్న వేషం ఎందుకు పనికొస్తుంది?

గింజలడబ్బా

గుమ్మడికాయ గురించి ఎవరూ చెప్పలేదు. మేం నాలుగేళ్లుగా చెక్కడం మానేసి పెయింటు వేస్తున్నాం. చెక్కిన కాయ వారం తిరక్కుండానే బూజు పట్టి కూలబడుతుంది, చెక్కనిది నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ దాకా ఉంటుంది. అదీగాక నాలుగేళ్ల పాప చేతికి కత్తి ఇవ్వలేం, కుంచె ఇవ్వచ్చు. పిల్లలు చెక్కాల్సిందే అంటే మాత్రం చెక్కిన రోజే గింజలు తీసి కడిగి తుడిచి, ఉప్పూ కారం పట్టించి పెనం మీద సన్నటి సెగన వేయించండి, రెండు పూటల చిరుతిండి. కూరకి, పులుసుకి అయితే "pie" అని ఇంగ్లీషులో రాసి ఉండే చిన్న కాయలే బాగుంటాయి, చెక్కుడుకి అమ్మే పెద్దవి నీళ్లోడుతూ పీచుపీచుగా ఉంటాయి.

మీ అబ్బాయికి ఈ కథ చెప్పండి, మా వాడికి భలే నచ్చింది: ఐర్లండులో మొదట చెక్కింది గుమ్మడికాయలు కాదు, టర్నిప్ దుంపలు. అక్కణ్ణుంచి వలస వచ్చినవాళ్లకి ఇక్కడ గుమ్మడికాయ తేలిగ్గా దొరికింది, పెద్దది, చెక్కడం సులువు, దాంతో మారిపోయారు. వాళ్లూ చేతికందినదానితోనే చేసుకున్నారు కదా.

నవంబరు 1 పొద్దున ఓపిక ఉంటే ఒకసారి షాపుకి వెళ్లిరండి, మిగిలిపోయిన వేషాలు సగం ధరకి పెడతారు. వచ్చే ఏడాదికి ఒక సైజు పెద్దది తీసి దాచుకోవచ్చు.

కొత్తగూడు

అందరికీ పేరు పేరునా థాంక్స్. రెండోషిఫ్టు గారూ, తప్పుగా ఏమీ అనుకోలేదండీ, మొదట నేనూ అలాగే అనుకున్నాను.

నిన్న రాత్రి బాబుతో కూర్చుని కాగితం మీద రాశాం. క్యాండీకి 6, గుమ్మడికాయకి 5, రిఫ్లెక్టివ్ టేపుకి 4 వేసి, "మరి చెల్లికి?" అని వాడే అడిగాడు. నల్ల బట్టలు ఉన్నాయి, అట్టముక్క ఉంది, చెల్లికి ఖర్చేమీ లేదని చెబితే "అయితే దానికి మంచి హెయిర్‌బ్యాండు కొందాం" అని 3 డాలర్లు రాశాడు. 40లో 22 మిగిలాయి. అది ఏం చేద్దామంటే కాసేపు ఆలోచించి "సరుకులకి ఉంచు" అన్నాడు. నేను లేచి వంటింట్లోకి వెళ్లి రెండు నిమిషాలు ఉండి వచ్చాను.

పంచె దొరికింది, మా గృహప్రవేశం నాటిది, ఒక మూల చిరిగి ఉంది. పొద్దున ఇద్దరూ కలిసి చింపారు, పాపకి ఆ చప్పుడు ఎంత నచ్చిందంటే సాక్సులు కూడా చింపుతానంది. ఇల్లంతా టీ వాసన. పీలికలు బాల్కనీ కడ్డీల మీద ఆరుతున్నాయి, మచ్చలు మీరు చెప్పినట్టే పడ్డాయి. అక్కా, ఒక్క సందేహం, బాగా ముడతలు పడ్డాయి, కుట్టేముందు ఇస్త్రీ చేయాలా?

మిషనుకుట్టు

అయ్యో, ఇస్త్రీ పెట్టె ముట్టుకోకు. ఆ ముడతలే కావాలి మనకి. మోచేతుల దగ్గర, మోకాళ్ల దగ్గర కొంచెం వదులు ఉంచి కుట్టు, వంగినప్పుడు కుట్లు తెగవు.