(ఇది ఒక ఆన్‌లైన్ చర్చ. ఒక్కో భాగం పైన ఉన్నది రాసినవారి మారుపేరు.) నలభై నిమిషాల వీడియో ఎవరూ చూడలేదు. ఆన్‌లైన్ విద్యార్థులకు లైబ్రరీలో వెతకడం ఎలా నేర్పాలి?

సాయంత్రపు క్లాసు

ఎనిమిది వారాల ఆన్‌లైన్ కోర్సులో మనస్తత్వ శాస్త్రం మొదటి పాఠాలు చెబుతాను. విద్యార్థుల్లో ఎక్కువమంది పగలంతా ఉద్యోగం చేసి, రాత్రి పది దాటాక ఫోనులో క్లాసు తెరిచేవాళ్లు. వాళ్లలో ఒక్కరినీ నేను ముఖాముఖి చూడలేదు. కోర్సు చివర ఒక పరిశోధన వ్యాసం రాయాలి, అందులో కనీసం అయిదు జర్నల్ వ్యాసాలను ఆధారంగా చూపాలి.

పోయినసారి పట్టుబట్టి నలభై నిమిషాల వీడియో చేశాను. లైబ్రరీ మొదటి పేజీతో ప్రారంభించి జర్నల్ వ్యాసాలు వెతికే ప్రతి డేటాబేస్ పేరూ చదివాను, ప్రతి బటనూ నొక్కి చూపించాను. నా పనితనానికి నాకే ముచ్చటేసింది. తర్వాత లెక్క చూసుకుంటే, తెరిచినవాళ్లలో చాలామంది ఆరో నిమిషం దాటలేదు. ఆరో నిమిషంలో నేను లైబ్రరీ పనివేళలు చదువుతున్నాను, అదీ ఇల్లు కదలకుండా చదువుకునేవాళ్లకు.

చివరికి వ్యాసాలు వచ్చాయి. ఒకరు నిద్రకూ జ్ఞాపకశక్తికీ ఉన్న సంబంధం గురించి చక్కగా రాశారు. రిఫరెన్సుల్లో ఒకటి ఆసక్తిగా అనిపించి వెతికాను. ఆ జర్నల్ ఉంది, ఆ సంచికా ఉంది, ఆ పేజీల్లో మాత్రం మరేదో వ్యాసం ఉంది. ఇచ్చిన డీఓఐ సంఖ్య (ఒక్కో వ్యాసానికీ ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య) కొడితే పేడపురుగుల మీద పరిశోధన తెరుచుకుంది. అడిగితే, "చాట్‌బాట్ ఇచ్చింది సర్, అది లేనివి కూడా చెబుతుందని నాకు తెలియదు" అన్నారు. మొదట కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, లైబ్రరీలో వెతకమని చెప్పానే గాని, వెతకడమంటే ఏం చేయాలో ఆ మనిషికి నేను ఏనాడూ చూపించలేదు.

మళ్లీ వీడియో చేయనా? క్విజ్ పెట్టనా? లైబ్రేరియన్‌ను పిలిచి ఒక ప్రత్యక్ష క్లాసు ఏర్పాటు చేయనా? మీ అనుభవంలో నిజంగా పనిచేసింది ఏమిటి?

రిఫరెన్స్ బల్ల

నేను కాలేజీ లైబ్రేరియన్‌ని. వీడియో సంగతి కాసేపు పక్కన పెట్టండి. మీ కోర్సులో ఉన్న లైబ్రరీ లింకులన్నీ ఈ రాత్రే మీ ఫోనులో, లాగిన్ కాకుండా, ఒక్కొక్కటే నొక్కి చూడండి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక అధ్యాపకుడు వచ్చి, మూడో వారం ఇచ్చిన వ్యాసాన్ని ఒక్కరూ చదవడం లేదని విద్యార్థులను తిట్టిపోశారు. తీరా చూస్తే, ఆ లింకు ఆయన లాగిన్ అయి ఉన్నప్పుడు బ్రౌజర్ పైనుంచి తీసి అతికించింది. అలాంటిది ఆ పూటకు, ఆయనకు మాత్రమే పనిచేస్తుంది. రెండు సెమిస్టర్ల పాటు విద్యార్థులకు ఖాళీ పేజీ కనబడింది. తప్పు తమదే అనుకున్నారు కాబట్టి ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. డేటాబేస్‌లో వ్యాసం పక్కన శాశ్వత లింకు వేరుగా ఇస్తారు. దాని ముందు కాలేజీ ప్రాక్సీ చిరునామా చేరితే, బయటి నుంచి వచ్చినవాళ్లను లాగిన్ అడిగి లోపలికి పంపుతుంది. అది ఎలా చేర్చాలో మీ లైబ్రరీవాళ్లను అడగండి, రెండు నిమిషాల పని. తలుపుకు తాళం వేసి, ఎవరూ రావడం లేదేమని బాధపడేవాళ్లను నా బల్ల దగ్గర చాలామందిని చూశాను.

ఇక వీడియో. లైబ్రరీ అంతా తిప్పి చూపించకండి. మీరు చూపించిన బటన్లు వచ్చే ఏడాదికి అక్కడ ఉండవు. మూడు నిమిషాల నిడివి, అందులో ఒక్క పని, అది అవసరమయ్యే వారంలో, అసైన్‌మెంట్ పేజీలోనే ఉండాలి. కింద అవే మాటలు రాసి కూడా పెట్టండి, నెట్ సరిగా లేనివాళ్లకు అదే దిక్కు.

మొదటి వీడియోలో మీరు ఓడిపోవాలి. నిజంగానే చెబుతున్నాను. "నిద్ర తక్కువైతే కాలేజీ విద్యార్థుల జ్ఞాపకశక్తి తగ్గుతుందా" అని వాక్యం మొత్తాన్నీ డేటాబేస్‌లో కొట్టండి. ఏమీ రాకపోవచ్చు, లేదా సంబంధం లేనివి కుప్పలుగా రావచ్చు. గూగుల్ మన వాక్యానికి అర్థం ఊహిస్తుంది, చాలా డేటాబేసులు మాటను మాటగానే వెతుకుతాయి. అప్పుడు ఆ ప్రశ్నను మూడు ముక్కలు చేయండి: నిద్రలేమి, జ్ఞాపకశక్తి, కాలేజీ విద్యార్థులు. ఒక్కో ముక్క కింద అదే అర్థమిచ్చే వేరే మాటలు రాయండి. ఒకే అర్థమున్న మాటల మధ్య ‘ఆర్’ (OR), ముక్కకూ ముక్కకూ మధ్య ‘ఆండ్’ (AND) వస్తాయి. ఇక్కడ కొంచెం ఆగండి. ‘ఆండ్’ అంటే కలపడం కాబట్టి ఫలితాలు పెరుగుతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి అది వడకడుతుంది, పెంచేది ‘ఆర్’. ఈ ఒక్క చిక్కు విడిపోతే సగం పని అయినట్టే.

రెండో వీడియోలో విషయ శీర్షికల గురించి, అంటే డేటాబేస్ వ్యాసాలకు తగిలించే విషయం పేర్ల గురించి చెప్పండి. మనం గుండెపోటు అంటాం, వైద్య డేటాబేస్ అయిన పబ్‌మెడ్‌లో ఆ వ్యాసాలన్నీ ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్’ అనే శీర్షిక కింద ఉంటాయి. పబ్‌మెడ్ మన మాటను ఆ శీర్షికకు తనే జత చేసుకుంటుంది, అన్ని డేటాబేసులకూ అంత దయ ఉండదు. అందుకని, పనికొచ్చే వ్యాసం ఒకటి దొరికితే దాని కింద ఉన్న శీర్షికలు చూసి, వాటితో మళ్లీ వెతకమనండి. విద్యార్థి మాటల్లోంచి ఆ రంగం మాటల్లోకి దారి అదే.

పరిశోధన వ్యాసాలను వెతికే గూగుల్ స్కాలర్‌ను నిషేధించకండి. ఎలాగూ వాడతారు. దాని సెట్టింగుల్లో మీ కాలేజీ లైబ్రరీని ఎంచుకుంటే, కాలేజీ చందా ఉన్న వ్యాసాల పక్కన లైబ్రరీ లింకు కనబడుతుంది. ఒక వ్యాసాన్ని ఆ తర్వాత ఎవరెవరు ఉదహరించారో కూడా అది చూపిస్తుంది. ఈ పద్ధతికి పునాది వేసిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో అచ్చు పుస్తకాలుగా తెచ్చారు. అప్పట్లో లావుపాటి సంపుటాలు తిరగేయాల్సిన పని ఇప్పుడు ఒక్క నొక్కు.

చివరిగా, రిఫరెన్సుల జాబితాతో పాటు వెతికిన దారికీ మార్కులు వేయండి. ఎక్కడ వెతికారు, ఏ మాటలతో, ఎన్ని వచ్చాయి, తర్వాత ఏం మార్చారు. ‘ఏం మార్చారు’ అన్న గడి ఖాళీగా ఉందంటే మొదటి ఫలితాల దగ్గరే ఆగిపోయారన్నమాట.

ఎర్రపెన్ను

లింకుల సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. వెతికిన దారికి మార్కులు వేయడం దగ్గర మాత్రం నాకు పేచీ ఉంది. నేను రెండేళ్లు అదే పెట్టాను. చివరి రాత్రి కూర్చుని అన్ని గడులూ కల్పించి నింపేస్తారు. వాళ్ల స్థానంలో నేనున్నా అదే చేస్తాను. ఇప్పుడు నాలుగో వారంలో రెండు నిమిషాల వాయిస్ సందేశం అడుగుతున్నాను: దొరికిన వ్యాసాల్లో దేన్ని వదిలేశారు, ఎందుకు? వాడుకున్న వ్యాసం గురించి సారాంశం చదివి ఏదో ఒకటి చెప్పేయొచ్చు. వదిలేసినదాని గురించి చెప్పాలంటే కనీసం రెండింటిని పోల్చి ఉండాలి. ఒక విద్యార్థిని, "ఇందులో పరీక్షించింది ఎలుకల మీద, నా ప్రశ్న మనుషుల గురించి" అని ఎనిమిది సెకన్లలో చెప్పి ఊరుకుంది. పూర్తి మార్కులు వేశాను.

ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. దొరికినదాన్ని నమ్మాలా వద్దా అన్నది. దీనికి చాలా కాలేజీలు ఇచ్చేది ఒక తనిఖీ పట్టిక. కాలిఫోర్నియాలోని చికో విశ్వవిద్యాలయ లైబ్రరీలో 2004లో తయారైనది అందరికీ తెలిసినదే: తాజాదనం, సందర్భానికి తగినదా, ఎవరు రాశారు, కచ్చితత్వం, ఉద్దేశం. పట్టికలో లోపం లేదు. కానీ మా విద్యార్థులు ఏ వెబ్‌సైట్‌కైనా అన్ని గడుల్లోనూ టిక్కు పెట్టేస్తారు, ఎందుకంటే జవాబులన్నీ ఆ సైట్‌లోనే వెతుక్కుంటారు. మోసగాడి నిజాయితీ గురించి మోసగాడినే అడిగినట్టు.

స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, 2017లో వెలువడిన ఒక అధ్యయనం కోసం, పది మంది చరిత్రకారులను, పది మంది వృత్తి నిజనిర్ధారకులను, పాతిక మంది డిగ్రీ విద్యార్థులను కూర్చోబెట్టి, వెబ్‌సైట్లను ఎలా అంచనా వేస్తారో చూశారు. చరిత్రకారులూ విద్యార్థులూ పేజీని పైనుంచి కిందికి చదువుతూ లోగోలకూ చిరునామాలకూ మోసపోయారు. నిజనిర్ధారకులు కాసేపు చూసి బయటికి వచ్చి, కొత్త ట్యాబ్‌లలో ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో వెతికారు. డాక్టరేట్లున్నవాళ్లే బోల్తాపడ్డారంటే మన విద్యార్థులను ఏమనగలం?

జర్నల్‌లో అచ్చయిందంటే అయిపోయినట్టూ కాదు. టీకాలకు ఆటిజంతో ముడిపెట్టిన వ్యాసం లాన్సెట్ అనే వైద్య పత్రికలో 1998లో వచ్చింది, పత్రిక దాన్ని పూర్తిగా ఉపసంహరించుకున్నది 2010లో. మధ్యలో పన్నెండేళ్లు! నేను ఆ వ్యాసం పేరిచ్చి, ఇది వాడొచ్చా అని అడుగుతాను. పేజీ మీద ఎర్ర అక్షరాలతో ఉన్న ఉపసంహరణ ముద్రను కూడా చూడకుండా కొందరు వాడేస్తారు.

రెండో సెమిస్టర్

నేను ఆన్‌లైన్ విద్యార్థిని. రాయాలా వద్దా అనుకుని రాస్తున్నాను.

మొదటి సెమిస్టర్‌లో గూగుల్‌లో వెతికితే ప్రతి వ్యాసమూ డబ్బు కట్టమంది. అవి నాలాంటివాళ్లకు కావనుకుని వదిలేశాను. అదే వ్యాసం కాలేజీ లాగిన్‌తో ఉచితంగా వస్తుందని తెలిసేసరికి కోర్సే అయిపోయింది. లైబ్రరీ పేజీలో ఉన్న చాట్ పెట్టె పరిశోధన చేసే పెద్దవాళ్ల కోసమనుకున్నాను. అక్కడ "డేటాబేస్ అంటే ఏమిటి" అని అడగడానికి సిగ్గేసింది. మీరు ‘సమీక్షిత జర్నల్’ (అచ్చుకు ముందు వ్యాసాన్ని ఆ రంగం నిపుణులు పరిశీలించే పత్రిక) అన్నప్పుడు మేం తల ఊపుతాం, ఆన్‌లైన్‌లో ఆ ఊపు కూడా మీకు కనబడదు.

సాయంత్రపు క్లాసు

రాత్రే కూర్చుని లింకులన్నీ నొక్కి చూశాను. తొమ్మిదింటిలో నాలుగు తెరుచుకోలేదు. ఒకటి పాత లైబ్రరీ సైట్‌ది, మిగతా మూడూ బల్లగారు చెప్పిన రకమే. పోయినసారి "చదవకుండా వచ్చారు" అని ఒక వారమంతా విసుక్కున్నాను. ఆ వారం లింకు కూడా ఈ నాలుగింట్లోనే ఉంది.

వీడియో తీసేశాను. రెండో సెమిస్టర్ గారూ, మీ చాట్ పెట్టె మాట చదివాక మొదటి వారం అసైన్‌మెంట్ మార్చాను: లైబ్రేరియన్‌ను ఏదో ఒక ప్రశ్న అడిగి, వచ్చిన జవాబు అతికించాలి. ఎంత చిన్న ప్రశ్నయినా సరే, అయిదు మార్కులు. మార్కుల కోసమంటే సిగ్గు ఉండదు కదా. బల్లగారూ, ముందే హెచ్చరిస్తున్నాను, మీలాంటివాళ్లకు అరవై సందేశాలు రావచ్చు.

ఒక్క సందేహం మిగిలింది. కల్పిత రిఫరెన్సుల విషయం క్లాసులో ఎలా ఎత్తాలి? ఆ విద్యార్థి పేరు బయటికి రాకూడదు.

రిఫరెన్స్ బల్ల

అరవై రానివ్వండి, రోజులు పంచి పెట్టండి చాలు.

రిఫరెన్సులకు నేను చేసేది ఇది. అయిదు రిఫరెన్సులు ఇస్తాను, మూడు నిజమైనవి, రెండు కల్పితాలు. ఏవి ఏవో కనిపెట్టి, ఎలా తెలిసిందో ఒక్కో వాక్యం రాయాలి. డీఓఐ 10తో మొదలవుతుంది, దాన్ని డీఓఐ సైట్‌లో కొడితే అసలు వ్యాసం తెరుచుకోవాలి, తెరుచుకున్నదాని పేరు జాబితాలోని పేరుతో కలవాలి. రెండో సగం చాలామంది మరిచిపోతారు, తెరుచుకుంది కదా అని సరిపెట్టుకుంటారు. మీ విద్యార్థి ఆ తనిఖీకి కూడా వెళ్లలేదు.

సిగ్గు సంగతికి వస్తే, 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు వకీళ్లు చాట్‌బాట్ కల్పించిన తీర్పులను ఫెడరల్ కోర్టులో దాఖలు చేసి 5,000 డాలర్ల జరిమానా కట్టాల్సి వచ్చింది. ఆ కథతో మొదలుపెట్టండి. లా చదివినవాళ్లే పడ్డారని తెలిస్తే క్లాసులో ఎవరూ తలదించుకోరు.

ఇక ఆ కల్పిత రిఫరెన్సుల్లో ఒకటి కొత్తగా తయారు చేసుకోకండి. పేడపురుగులది పెట్టండి.