చెవి మిషన్లు ఉన్నా టీవీ మాటలు, రాత్రిపూట అలారం అందట్లేదు. ముందు ఏది కొనాలి?

ప్రశ్న

అమ్మ రెండు చెవులకూ చెవి వెనక పెట్టుకునే మిషన్లు వాడుతుంది. ఎదురుగా కూర్చుని మాట్లాడితే బాగానే అర్థమవుతుంది. టీవీలో మాత్రం చప్పుడు వినిపిస్తుంది గానీ మాట తెలియదు. బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్‌ని ఆప్టికల్ వైరుతో కలిపితే శబ్దమే రాలేదు. హెడ్‌ఫోన్ జాక్‌కి పెడితే పెదాలు కదిలిన తర్వాత మాట వస్తోంది, పైగా టీవీ స్పీకరు ఆగిపోతోంది. రాత్రి మిషన్లు తీసేశాక అలారం, కాలింగ్ బెల్ ఏవీ తెలియవు. ముందు ఏది కొనాలి?

జవాబు 1

ఆప్టికల్‌ సంగతి ముందు చూడండి, దానికి కొత్తగా ఏమీ కొనక్కర్లేకపోవచ్చు. టీవీ శబ్దాన్ని డాల్బీ అనే కుదించిన రూపంలో పంపుతుంటే చిన్న ట్రాన్స్‌మిటర్లు దాన్ని విప్పలేవు, అందుకే నిశ్శబ్దం. సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ దగ్గర 'ఆటో' తీసి 'పీసీఎం' (కుదించని మామూలు రూపం) పెట్టండి. అప్పటికీ రాకపోతే వైరు కొనల మీద పారదర్శకమైన చిన్న తొడుగులు అలాగే ఉన్నాయేమో చూడండి, వాటితో పాటే గుచ్చేస్తుంటారు. ఒక కొన టీవీకి పెట్టి రెండో కొనని అరచేతి వైపు తిప్పితే ఎర్రటి వెలుగు పడాలి.

చాలా టీవీల్లో ఆప్టికల్ వాడితే స్పీకరు కూడా మోగేలా పెట్టుకోవచ్చు. అప్పుడు ఇంట్లోవాళ్లు తమకు కావలసినంత సౌండు పెట్టుకోవచ్చు, అమ్మగారిది ఆమె మిషన్‌లోనే సర్దుకుంటుంది.

ఆలస్యం మాత్రం మామూలు బ్లూటూత్‌తో తప్పదు. 150 నుంచి 200 మిల్లీసెకన్లు వెనకబడటం సాధారణం. వినికిడి తగ్గినవాళ్లు తెలియకుండానే పెదాలు చూసి సగం పట్టుకుంటారు, ఆ సాయం కాస్తా పోతుంది. టీవీ శబ్దాన్ని నేరుగా మిషన్లకు పంపేందుకు చెవి మిషన్ కంపెనీ అమ్మే టీవీ స్ట్రీమర్‌లో ఆలస్యం చాలా తక్కువ. కొనే ముందు మిషన్ మోడల్ చెప్పి అడగండి, అదే కంపెనీది అయినా పాత మిషన్లకు కలవకపోవచ్చు. జత కుదిరాక మిషన్ మైకుల్ని పూర్తిగా ఆపొద్దు, కాస్త తగ్గించండి చాలు. ఆపేస్తే పక్కనుంచి పిలిచినా వినబడదు.

జవాబు 2

స్ట్రీమర్ కలవకపోతే మిషన్‌లో టెలికాయిల్ (అయస్కాంత సంకేతంగా వచ్చే శబ్దాన్ని అందుకునే చిన్న తీగచుట్ట) ఉందేమో ఆడియాలజిస్ట్‌ని, అంటే వినికిడి నిపుణుణ్ని అడగండి. చాలాసార్లు ఉంటుంది గానీ దాన్ని వాడే 'టి' ప్రోగ్రాం ఆన్ చేసి ఉండదు. అది ఆన్ చేయించి, ఆ సంకేతాన్ని పంపే, మెడలో వేసుకునే నెక్‌లూప్‌ని వైరుతో టీవీకి కలిపితే ఆలస్యం అసలు ఉండదు. జుయ్‌మని మోత వస్తుంటే దగ్గర్లో ఉన్న ఛార్జరో ట్యూబ్‌లైట్ చోకో కారణం. కుర్చీ ఒక గజం జరిపి చూడండి.

జవాబు 3

నన్నడిగితే టీవీ ఆగొచ్చు, రాత్రి సంగతి ఆగదు. మామూలు పొగ అలారం 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల కీచుమంటుంది. వయసుతో ముందు పోయేది ఆ పైస్థాయి వినికిడే. 520 హెర్ట్జ్ బొంగురు మోతకు మెలకువ వచ్చే అవకాశం ఎక్కువ, దానికి తోడు పడక కింద వైబ్రేటరు ఉండాలి. మెరిసే లైటు ఒక్కదాన్నే నమ్ముకోకండి, గాఢనిద్రలో అది సరిపోదు.

వైబ్రేటరు పొగ అలారంతో కలిసి పనిచేసేదై ఉండాలి. గడియారంతో వచ్చేవి చాలావరకు గడియారానికే మోగుతాయి. కాలింగ్ బెల్ కూడా వైబ్రేటరుని నడిపే అదే రిసీవర్‌కి కలిపితే మంచిది, కానీ తలుపుకి ఒక రకం, పొగకి ఒక రకం అదురు పెట్టుకోవాలి. బెల్ పక్కన అంటించే మైకు సెన్సార్లు ఇతర చప్పుళ్లకూ మోగుతుంటాయి. విడిగా వైర్‌లెస్ బటన్ ఉన్నదే నయం.

ప్రశ్న అడిగినవారు

మెత్తటి ఫోమ్ పరుపు. పని చేస్తుందా?

జవాబు 3

పరుపు కింద పెడితే ఫోమ్ అదురుని మింగేస్తుంది. దిండు గలీబు లోపల, దిండుకి అడుగున పెట్టండి. నిద్రలో జారకుండా వైరుని మంచం తలవైపు కోడుకి కట్టండి. మిషన్లు తీసేసి ఆమె పడుకున్నాక మీరు అలారం మీది టెస్ట్ బటన్ నొక్కి చూడండి, దిండు మీద తల ఉన్నప్పుడే అసలు బలం తెలుస్తుంది. కరెంటు పోయినా నడిచేలా రిసీవర్‌లో బ్యాటరీ ఉందో లేదో ప్లగ్ పీకి మరోసారి నొక్కండి.