దారిలో తగిలి వెంట వచ్చిన శాంపిల్, పట్టుకున్నట్టు లెక్కా? (అనంతపురం ప్రాక్టీస్ మ్యాచ్)

అనంత మెంటార్:
మొన్న ఆదివారం అనంతపురంలో నాలుగు స్కూళ్ల పిల్లల్ని కూడగట్టి ప్రాక్టీస్ మ్యాచ్‌లు ఆడించాం. స్కూలు పిల్లల రోబో పోటీ ఫస్ట్ టెక్ ఛాలెంజ్‌లో 2024-25 సీజన్ ఆట, ఇంటు ద డీప్. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. 12 అడుగుల చదరపు ఫీల్డ్, అందులో మూడున్నర అంగుళాల ప్లాస్టిక్ దిమ్మెలు. వాటిని శాంపిల్స్ అంటారు. రోబో వాటిని తెచ్చి మూలనున్న బుట్టల్లో వేయాలి. పై బుట్టలో పడితే 8 పాయింట్లు, బుట్టల కింద నేల మీద నెట్ జోన్‌లో ఉంటే 2. ఒకసారికి ఒక్క దిమ్మే రోబో కంట్రోల్‌లో ఉండాలి.

మా రోబో ఒక పసుపు శాంపిల్ పట్టుకుని బుట్ట వైపు వస్తోంది. దారిలో నేల మీద ఇంకో పసుపుది పడి ఉంది. అది ముందు ప్లేట్‌కు తగిలి, రోబోతో పాటే జారుకుంటూ వచ్చి నెట్ జోన్‌లో ఆగింది. రెఫరీ మైనర్ ఫౌల్ ఇచ్చారు, అవతలి వాళ్లకు 5 పాయింట్లు. 84-82తో గెలవాల్సిన మ్యాచ్ 84-87తో పోయింది.

రోబో తన దారిన పోతుంటే అడ్డొచ్చిన వస్తువుకు తగలడం కంట్రోల్ కాదని రూల్ పుస్తకమే చెప్తోంది. మా డ్రైవర్ ఆ దిమ్మెను చూడనే లేదు. చూడనిదాన్ని పట్టుకున్నట్టు ఎట్లా అవుతుంది?

కొండారెడ్డి బురుజు:
సార్, మీరు చెప్పేది న్యాయం. కర్నూలులో మాకూ ఇదే అనుభవం. రూల్‌లో 'ఉద్దేశపూర్వకంగా' అనే మాట ఉందా లేదా? పిల్లవాడి మనసులోకి రెఫరీ దూరి చూశాడా? దీనికి తోడు రోబో ఒకసారికి ఎన్ని పట్టుకోవచ్చన్న లెక్క ఏటేటా మారుస్తారు. 2020-21లో మూడు రింగులు, 2022-23లో ఒక్క కోన్, 2023-24లో రెండు పిక్సెల్స్, మళ్లీ ఒక్క శాంపిల్, 2025-26లో మూడు బంతులు. పిల్లలు ఏది గుర్తు పెట్టుకుంటారు?

చారల చొక్కా:
ఆ ఫౌల్ ఇచ్చింది నేనే. లెక్క మారుతుంది గానీ, కంట్రోల్ అంటే ఏమిటన్నది పెద్దగా మారదు. వస్తువు బరువంతా రోబో మీదే ఉంటే కంట్రోల్. కావాలనుకున్న వైపుకో, చోటుకో నెట్టుకుపోయినా కంట్రోలే. దారిలో తగిలి చెదిరిపోతే తప్పు లేదు, పదింటిని చెదరగొట్టినా నేనేమీ అనను. మనసు నాకు కనబడదు, నిజమే. దిమ్మె ఎక్కడ బయలుదేరి ఎక్కడ ఆగిందో కనబడుతుంది. మీది ఫీల్డ్ మధ్యలో బయలుదేరి మీ నెట్ జోన్‌కే చేరింది, 2 పాయింట్లూ తెచ్చింది. (ఆ రెండూ మీ 84లోనే ఉన్నాయి సార్, మరచినట్టున్నారు.)

అనంత మెంటార్:
మరవలేదు. నెట్ జోన్ ఉన్నదే బుట్టల కింద. బుట్ట దగ్గరకు పోవాలంటే ఆ దారే గతి. ఆ దారిలో ఏది తగిలినా చేరేది అక్కడికే కదా! వీడియో ఉంది, పంపనా?

చారల చొక్కా:
వీడియోలు చూడం సార్. అసలు టోర్నమెంట్లలోనూ చూడరు. క్వశ్చన్ బాక్స్‌లోకి, అంటే రెఫరీని ప్రశ్న అడిగే చోటికి, ఒక స్టూడెంట్ వచ్చి అడగాలి. ఆరోజు మీరే వచ్చి నిలబడ్డారు. అందుకే నేను నోరు మెదపలేదు.

గొర్రెలోళ్ల నాన్న:
నాకు రోబోలు తెలియవు. మా పాప ఆ టీమ్‌లో ఉందని వచ్చి గోడ పక్కన నిలబడి చూశాను. గొర్రెల సంగతి మాత్రం తెలుసు, మాది మూడు తరాల మంద. మన దగ్గర బండినీ తోలడమే అంటాం, గొర్రెలనూ తోలడమే అంటాం. మీ గొడవంతా అక్కడే ఉన్నట్టుంది. లారీ వస్తుంటే గొర్రెలు దాని ముందు కొంతదూరం పరుగెడతాయి. లారీవాడు గొర్రెలు తోలాడని ఎవరూ అనరు, ఎందుకంటే రోడ్డు మలుపు తిరగ్గానే లారీ అటు, గొర్రెలు ఇటు. కాపరి ఉంటే మంద కూడా మలుపు తిరుగుతుంది. కర్ర కూడా ఎత్తడు, ఊరికే ఒక పక్కకు జరిగి నిలబడతాడు, అంతే. ఆరోజు రోబో ఎడమకు తిరిగింది. ఆ పసుపు దిమ్మె కూడా తిరిగింది.

చారల చొక్కా:
అన్నా, నేను ఫౌల్ రాసుకున్నది సరిగ్గా ఆ మలుపు దగ్గరే.

కొండారెడ్డి బురుజు:
గొర్రెకు ప్రాణం ఉంది, భయం ఉంది. ప్లాస్టిక్ దిమ్మెకు ఏముంది? గీరుకుని తిరిగి ఉంటుంది.

స్టిక్ నా చేతిలో:
నేనే ఆ డ్రైవర్ని. సార్, కోప్పడొద్దు. దిమ్మెను చూడలేదన్నది నిజం, నా కళ్లు పై బుట్ట మీదే ఉన్నాయి. కానీ మన ముందు ప్లేట్ అల్యూమినియం ఛానెల్ కదా, గట్టిగా ఉంటుందని రెండు అంచులూ ముందుకు వంచాం. దిమ్మె ఆ అంచుల మధ్య పడితే ఇక బయటికి పోదు. ముందురోజు సాయంత్రం ఖాళీ ఫీల్డ్‌లో ఇది చూశాం. ఊరికే రెండు పాయింట్లు వస్తున్నాయని నవ్వుకున్నాం కూడా. మీకు చెప్పలేదు.

కొండారెడ్డి బురుజు:
ఏం తమ్ముడూ, మన కేసంతా నీళ్లపాలు చేశావే! అయినా ఒక మాట. ఈ సంగతి ఆరోజు రెఫరీకి తెలియదు. తెలియకుండా ఇచ్చిన ఫౌల్‌ను నేను ఇప్పటికీ ఒప్పుకోను.

అనంత మెంటార్:
నిన్న ప్లేట్ విప్పించాను. అట్టముక్కతో నాగలి కర్రులా ముందుకు మొన తేలినట్టు ఒకటి చేసి బిగించి చూశాం. పదిసార్లు దిమ్మె మీదికి తోలితే ఎనిమిదిసార్లు పక్కకు జారిపోయింది. మిగతా రెండుసార్లు మొన కిందకు దూరి చక్రం దగ్గర ఇరుక్కుని, వదలకుండా వెంట వచ్చింది. చారల చొక్కా సార్, అట్లా ఇరుక్కుంటే ఏమంటారు? ఈసారి అడగడానికి పాపనే పంపిస్తాను.