నూరువరహాల ఆకులు పాలిపోతున్నాయి: పీకెయ్యాలా, కాపాడుకోవాలా?

పెరటిపూలు (నల్లగొండ):
కడియం నుంచి బండిలో తెచ్చి అమ్ముతుంటే, రెండేళ్ల కింద పొట్టి రకం నూరువరహాలు ఆరు మొక్కలు కొని ప్రహరీ వారగా నాటాను. మొదటి ఏడాది విరగబూశాయి. ఇప్పుడు చిగుళ్లు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. నెలనెలా పశువుల ఎరువు వేస్తున్నా మార్పు లేదు. మాకున్నది బోరు నీళ్లే. తీసేయమంటారా?

పాతతోట:
తీసెయ్యండమ్మా. మన నీళ్లకు తట్టుకునేవే పెట్టుకోవాలి. నందివర్ధనం నాటితే ఈ అవస్థ ఉండదు. ప్రతి నెలా మందు పొయ్యాల్సిన మొక్క పెరటికి భారమే.

ఎర్రమట్టి:
అన్నా, ఈ ఒక్క మాట ఒప్పుకోలేను. నూరువరహాలు దక్షిణ భారతం, శ్రీలంకల సొంత మొక్క, కాఫీకి చుట్టం. దానికి కాస్త పులుపు నేల కావాలి. అక్క చెప్పింది ఇనుపధాతు లోపమే: లేతాకులు పసుపెక్కి ఈనెలు పచ్చగా ఉండటమే గుర్తు. ముదురాకులతో మొదలైతే మెగ్నీషియం అనుకోవచ్చు. మట్టిలో ఇనుము ఉన్నా, సున్నం ఎక్కువైతే వేరు దాన్ని తీసుకోలేదు. అందుకే ఎంత ఎరువు వేసినా ఫలితం లేదు. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, సాయంత్రం పూట ఆకులు తడిసేలా వారానికోసారి రెండు మూడు సార్లు కొట్టండి. వరి నారు తెల్లబడితే రైతులు కొట్టేది ఇదే.

పాతతోట:
కొట్టిన ఆకులు పచ్చబడతాయి, సరే. తర్వాత వచ్చే చిగురు మాటేమిటి? బోరు అదే, నేల అదే.

ఎర్రమట్టి:
అది నిజం. పిచికారీ తాత్కాలికమే. అందుకే వాన నీళ్లు పట్టి పొయ్యమంటాను. పూలు కొమ్మల కొసలనే వస్తాయి కాబట్టి కత్తిరింపు పూత అయ్యాకే. అక్కా, ఒకటి అడగాలి: ఆ ప్రహరీకి వేసింది రంగా, సున్నమా?

పెరటిపూలు:
సున్నమే తమ్ముడూ. ఏటా సంక్రాంతికి వేయిస్తాం, మొక్కల మొదట్లో తెల్లగా పడుతుంది కూడా. గోడకు దూరంగా, వాకిట్లో ఒక మొక్క ఉంది. అదొక్కటే ఇప్పటికీ పూస్తోంది. ఈ తొలకరికి మిగతావాటిని కూడా అటు మారుస్తాను.

పాతతోట:
మార్చేటప్పుడు వేళ్ల చుట్టూ మట్టిగడ్డ విడిపోకుండా తియ్యమ్మా.